అవ్వ ఎందుకు నవ్వింది

ఈ వయసులో నన్ను చాప మీద కూర్చోబెట్టి పాఠం చెప్పేవాళ్ళు ఉంటారని అనుకోలేదు. మండలాఫీసులో శిక్షణ. కుర్చీలు చాలలేదట. మోకాళ్ళు మొరాయిస్తుంటే గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకున్నాను. నా కూతురి వయసున్న అమ్మాయి ఒకతి తలుపంత పుస్తకాన్ని స్టాండు మీద నిలబెట్టి, చేతిలో పొడుగాటి పుల్ల పట్టుకుని చెబుతోంది. "క్లాసులో వెనక కూర్చున్న పిల్లలకు కూడా కనపడేంత పెద్ద బొమ్మలు, పెద్ద అక్షరాలు. ముందు బొమ్మ చూపించండి. తర్వాత ఏం జరుగుతుందో పిల్లల్నే అడగండి. ఆ తర్వాతే పేజీ తిప్పండి. చదవడమంటే అక్షరాలు పలకడం కాదు మేడమ్, అర్థం చేసుకోవడం."

చాలా ఉత్సాహంగా చెప్పింది, పాపం. నాకు మాత్రం ఉత్సాహం లేదు. బడిలో పిల్లల్ని లెక్కపెట్టి ఫొటో తీసి పంపాలి, అన్నం వడ్డించేటప్పుడు ఫొటో తీసి పంపాలి, ఇక రేపటినుంచి ఈ పుస్తకం పక్కన నిలబడి కూడా ఫొటో తీసి పంపాలి. పక్కనున్న మాస్టారు ఆవలిస్తూ, "రిటైరయ్యే లోపల ఇంకా ఏమేం చూడాలో మేడమ్" అన్నాడు. నేను సంతకం పెట్టి నా బడికి రావాల్సిన పుస్తకం తీసుకుని బయటపడ్డాను.

అది ఆటోలో పట్టలేదు. అడ్డంగా పెడితే పక్కావిడ మొహానికి, నిలువుగా పెడితే డ్రైవరు మెడకు తగులుతోంది. చివరికి ఒళ్ళో నిలబెట్టుకుని దాని వెనక దాక్కున్నట్టు కూర్చున్నాను. చిల్లకూరు దాకా హైవే మీద లారీల హోరు, ముక్కు కింద కొత్త రంగుల వాసన. పెద్ద పుస్తకానికి ఉండాల్సిన వాసన అది కాదు. ఉడికించిన మైదా జిగురు వాసన, ఎండు చేపల వాసన, ఉప్పుగాలికి చెమ్మగిల్లిన కాగితం వాసన రావాలి. నాకు తెలిసిన మొదటి పెద్ద పుస్తకం అట్లానే ఉండేది.

మాది మైపాడుకు ఉత్తరాన, ఇసకలో ఉన్న చిన్న పల్లె. సరుగుడు తోట దాటితే మా గుడిసెలు, గుడిసెలు దాటితే సముద్రం. బడి అంటే ఒక తాటాకుల పాక. గాలి ఎక్కువైనప్పుడు కప్పులోంచి ఇసక రాలి పలకల మీద పడేది, రాసింది చెరపడానికి మాకు వేరే గుడ్డ అక్కరలేదు. ఆ పాకకు పంతుళ్ళు రావడమూ పోవడమూ మాకు అలవాటే. బస్సు దిగి అంత ఇసకలో నడవలేక ఎవరూ నిలిచేవాళ్ళు కాదు.

ఆ ఏడు ఒక టీచరమ్మ వచ్చింది. సంగం వైపు రైతుల బిడ్డ. పెన్న నీళ్ళు పారే పొలాల్లో పెరిగిన మనిషి. మొదటి రోజు చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, తోటలోంచి రొప్పుతూ వచ్చింది. మేమంతా పాక ముందర నిలబడి ఆమె ఎప్పుడు వెనక్కు తిరుగుతుందా అని చూస్తున్నాం. తిరగలేదు. అరుగు మీద కూలబడి, "పిల్లకాయలూ, ఎవురన్నా రొన్ని నీళ్ళు ఇయ్యండి నాయనా" అంది. పోటీలు పడి చెంబులు తెచ్చాం.

అప్పటికి మా అక్క బడి మానేసి చాలా కాలమైంది. చిన్న తమ్ముడు పుట్టినప్పటినుంచి వాణ్ణి చంకనేసుకుని తిరగడమే దాని పని. వాడు నడక నేర్చాక అక్క చంక ఖాళీ అయింది. వెంటనే మా అవ్వ కన్ను దాని మీద పడింది. అవ్వ అంటే మా నాయన తల్లి. ఎండు చేపల గంప నెత్తినెత్తుకుని లోపలి ఊళ్ళకు పోయి, చేపలిచ్చి వడ్లు తెచ్చేది. పోయేటప్పుడు ఎండు నెత్తళ్ళు, వచ్చేటప్పుడు వడ్లు. రెండుసార్లూ బరువే. ఆ మెడ అరిగిపోయింది. తల తిప్పాలంటే మనిషంతా తిరిగేది.

"ఇంక నావల్ల కాదు, గంప పెద్దదానికిస్తా" అని అవ్వ అన్న రోజు అక్క సద్దికూడు ముందర కూర్చుని ఉంది. ఉల్లిపాయ కొరికింది కొరికినట్టే పట్టుకుని, "నేను బడికి పోతానవ్వా" అంది. అమ్మ పొయ్యి దగ్గరనుంచి తల తిప్పింది. నాయన వల బాగుచేసుకుంటున్నవాడు ఆపాడు. మా ఇంట్లో అవ్వకు ఎదురు చెప్పింది అదే మొదలు.

అవ్వ కోప్పడలేదు. చాలాసేపు మెడ నిమురుకుని, "సరే పో. ఈ వానల్దాకా చూస్తా. బడి చూసేదానికి దొర వస్తాడు గదా, ఆయన ముందర చదివి చూపియ్యి. చదివితే చదువుకో, నేనే మోసుకుంటా. చదవలేకపోతే గంప ఎత్తాల. మళ్ళీ ఏడవకూడదు" అంది. అక్క తలూపి, ఉల్లిపాయ మొత్తం నోట్లో పెట్టేసుకుంది.

అట్లా అంత పొడుగు పిల్ల వచ్చి, నాతో పాటు ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చుంది. నాకు ఒకటే సిగ్గు. దానికి లేదు.

బడికి వాచకాలు రాలేదు. వచ్చిన నాలుగూ చెమ్మకు అతుక్కుపోయి అట్టముక్కల్లా ఉండేవి. ఒక సోమవారం టీచరమ్మ చంకలో పెద్ద చుట్టతో దిగింది. ఆమె ఊళ్ళోనూ నెల్లూరులోనూ బంధువుల ఇళ్ళల్లో అడిగి తెచ్చిన పాత క్యాలెండర్లు. బట్టల కొట్లవీ, రైసు మిల్లులవీ, ఒక వైపు దేవుళ్ళు, రెండో వైపు తెల్ల కాగితం. కాగితం పల్చగా ఉందని రెండేసి కలిపి మైదా జిగురుతో అతికించింది. ఆ జిగురు మా బడి పొయ్యి మీదే ఉడికింది. వెచ్చగా, కమ్మగా ఉండేది. మేం ఒక్కో వేలూ ముంచి నాకుతుంటే ఆమె చూసి, "అయ్యో, పుస్తకం కడుపులో పడతా ఉండాదే!" అని నవ్వింది. పసుపు, బొగ్గు, నీలిమందు, పారాణి తెచ్చి బొమ్మలు వేసింది. మా నాయన వల దారంతో అంచులు కుట్టి ఇచ్చాడు. చాలా గట్టిగా కుట్టాడు, చేప తప్పించుకుపోతుందన్నట్టు.

కొన్ని కాగితాలు అతికించడానికి జత లేక ఒంటివిగానే మిగిలాయి. ఆఖరి పేజీ అట్లాంటిదే. ఒక వైపు కథ, వెనకాల రైసు మిల్లు వాళ్ళ అమ్మవారు. చేతిలో వరి కంకులు, కాళ్ళ దగ్గర వడ్ల రాశి.

కథ కూడా టీచరమ్మే కట్టింది. చిన్నప్పుడు వాళ్ళ ఊరికి వచ్చే ఎండు చేపల ముసలమ్మను తలుచుకుని రాసిందట. అవ్వ గంప ఎత్తింది. గంప నిండా ఎండు చేపలు. పిల్లి వచ్చింది, ఒక చేప పోయింది. కాకి వచ్చింది, ఇంకో చేప పోయింది. కుక్క వచ్చింది, బాతు కూడా వచ్చింది. ఆఖరి పేజీలో ఇట్లా ఉండేది: గంప ఖాళీ. అవ్వ నవ్వింది. ఇంటికి పోయింది.

కొబ్బరి ఈనె చేత్తో పట్టుకుని ఒక్కో మాట కింద ఆనిస్తూ చదివేది. పేజీ తిప్పే ముందు ఆగి, మా మొహాలు చూసి, "ఇప్పుడేమవుద్ది?" అనేది. ఆ ఒక్క మాటకు పాకంతా లేచేది. "కాకి ఎత్తకపోతాది!" "పాము వస్తాది టీచరు!" "అవ్వ కర్రెత్తి కొడతాది!" అందరికన్నా పెద్ద గొంతు అక్కది. అక్షరం రాకున్నా కథలోకి ముందు దూరేది అదే. రెండు వారాలు తిరిగేసరికి పుస్తకం మొత్తం దానికి నోటికి వచ్చేసింది.

గొడవంతా ఆఖరి పేజీతోనే. "అవ్వ ఎందుకు నవ్వింది?" అని అడిగింది టీచరమ్మ. నవ్వడమేమిటి? మా ఇళ్ళల్లో ఖాళీ గంప వస్తే ఆ పూట పొయ్యి వెలగదు.

"పిల్లికీ కాకికీ పెట్టింది గదా, పుణ్యం వచ్చిందని నవ్వింది" అని ఆమే చెప్పింది.

"పుణ్యం తింటారా టీచరు?" అన్నాడు వెనకనుంచి ఒకడు.

అప్పుడు అక్క లేచింది. తిన్నగా పుస్తకం దగ్గరికి పోయి ఆఖరి పేజీని తిప్పేసింది. వరి కంకుల అమ్మవారు కనపడింది. "కత ఇంకా ఉండాది టీచరు, మీరు తిప్పలేదు. అవ్వకు దారిలో అమ్మవారు ఎదురొచ్చింది. ఇన్ని వడ్లు పోసింది. అందుకే నవ్వింది" అంది.

పాకలో ఒక్కసారిగా అందరికీ ప్రాణం కుదుటపడింది. అంతేగా మరి! టీచరమ్మ చాలాసేపు ఆ బొమ్మవైపు చూసి, "నిజమే, నేను తిప్పలేదు" అంది. ఆ రోజునుంచి కథ ఆ అమ్మవారి దగ్గరే అయిపోయేది. మేం దణ్ణం పెట్టుకుని లేచేవాళ్ళం. తర్వాత ఎన్నో శిక్షణల్లో కూర్చున్నాను. కథను అంత బాగా అర్థం చేసుకున్న పిల్లను నేను మళ్ళీ చూడలేదు.

వానలు మొదలయ్యే ముందు ఆఫీసరు వచ్చాడు. ఆయన గురించి చెడ్డగా చెప్పలేను. చొక్కా అంతా తడిసి, బూట్లలో ఇసక నిండి, తిరుగు బస్సు దొరుకుతుందో లేదో అనే దిగులుతో ఉన్నాడు. టీచరమ్మ ఆయనకు నీళ్ళిచ్చి, పుస్తకం నిలబెట్టి, మా అక్కను పిలిచింది. తడిక బయట మా అవ్వ గంప దించుకుని కూర్చుని ఉంది. మెడ తిరగదు కాబట్టి చెవి ఒక్కటే ఇటువైపు పెట్టింది.

అక్క ఈనె పట్టుకుని మొదలుపెట్టింది, "అవ్వ గంప ఎత్తింది." వెంటనే పాకంతా అందుకుంది, "గంప నిండా ఎండు చేపలు!"

"ఒక్కతే చదవాలి. మిగతావాళ్ళు నోరు మూసుకోండి" అన్నాడు ఆఫీసరు.

అక్క మళ్ళీ మొదలుపెట్టింది. మేం మళ్ళీ అందుకున్నాం. ఆయనకు మేం పొగరుబోతు పిల్లల్లాగా కనపడి ఉంటాం. కాని మా పల్లెలో పని అంటే అలివి వల. పడవలో పోయి వల చుట్టూ వేసి వస్తారు. రెండు వైపులా తాళ్ళు పట్టుకుని పల్లె పల్లెంతా ఒడ్డుకు లాగుతుంది. ముసలివాళ్ళు కూడా తాడు చివర చెయ్యేస్తారు. చెయ్యేసిన ప్రతివాళ్ళకూ చేపల్లో వాటా. ఒకరు లాగుతుంటే చేతులు కట్టుకుని చూడడం అంత సిగ్గుమాలిన పని మాకు ఇంకోటి లేదు. మా మనిషి ఒక్కతే నిలబడి చదువుతుంటే మేం ఊరుకోవడమెట్లా? మూడోసారి తడిక బయటనుంచి ఎవరో పెద్దవాళ్ళ గొంతు కూడా కలిసింది.

ఆఫీసరు బల్ల మీద గట్టిగా కొట్టాడు. అప్పుడు ఆగాం. ఆయన లేచి చేతిలోని ఫైలుతో బొమ్మను కప్పేసి, కింద ఒక మాట మీద వేలు పెట్టాడు.

"ఇదేంటి?"

అక్క ఆ మాటవైపు చూసింది. నాకు అది కనపడుతూనే ఉంది. గంప. పేజీ పేజీకీ ఉన్న మాట. బొమ్మ ఉన్నంతసేపూ అది అక్కకు గంపే. బొమ్మ పోయేసరికి ఏమీ కాకుండా పోయింది. వెనకనుంచి ఒకడు ఆగలేక "గంప" అనేశాడు. ఆఫీసరు వాణ్ణి బయటికి పంపాడు.

టీచరమ్మ ముందుకు వచ్చింది. "సార్, అక్షరాలు ఇప్పుడిప్పుడే పడతా ఉండాయి. కత మీద ప్రశ్న అడగండి, బాగా చెప్తాది."

ఆయన నిట్టూర్చి అడిగాడు, "అవ్వ ఎందుకు నవ్వింది?"

అక్క మొహం వెలిగింది. పేజీ తిప్పి అమ్మవారిని చూపించి, దారిలో ఎదురవడమూ వడ్లు పోయడమూ అన్నీ చెప్పింది. ఆయన ఆ క్యాలెండరు బొమ్మనూ, కింద ఉన్న రైసు మిల్లు పేరునూ, టీచరమ్మనూ చూశాడు. "ఇదా మీరు నేర్పుతున్నది?" అన్నాడు. తర్వాత అక్క తల మీద చెయ్యి పెట్టి, మెత్తగానే అన్నాడు, "ఈ పిల్లకు చదువు రాదమ్మా. వయసు కూడా దాటిపోయింది. చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టి ఏం లాభం?" బస్సుకు వేళయిందని వెళ్ళిపోయాడు.

తడిక బయట గంప లేచిన చప్పుడు వినపడింది. అవ్వ ఇంటికి నడిచింది.

టీచరమ్మ సాయంత్రం మా ఇంటికి వచ్చింది. అమ్మ మామిడికాయ వేసి పులుసు కాస్తోంది. ఆమెకు పీట వేశారు. ఇంకొక్క ఏడాది పంపమని, అక్షరాలు నేర్పే పూచీ తనదని, చాలా బతిమిలాడింది.

అవ్వ అంతా విని, మనిషంతా ఆమెవైపు తిరిగి చెప్పింది. "నీ మీద నాకు కోపం లేదు టీచరమ్మా. మంచి కత రాసినావు. మా బిడ్డ చెప్పింది కూడా విన్నా, బాగా చెప్పింది. నీ కతలో అవ్వకు అమ్మవారు ఎదురొచ్చి వడ్లు పోసింది. నేను ఇన్నేండ్లు తిరిగినా, నాకు యాడా ఎదురు రాలా. నా మెడ నిలబట్టం లేదు తల్లీ. దొర కూడా చెప్పిపాయె. ఇంక అడగబాక."

అక్క ఏడవలేదు. ఏడవకూడదని ముందే ఒప్పందం కదా. పులుసు అన్నం మామూలుగానే తింది. నేను మాత్రం తినలేదు, నన్ను ఎవరూ బతిమిలాడలేదు.

ఆ వారంలోనే అక్క గంప ఎత్తింది. మొదట్లో అవ్వ పక్కనే నడుస్తూ ఊళ్ళు చూపించింది, తర్వాత అక్క ఒక్కతే పోయేది. తెల్లారి సరుగుడు తోటలోకి మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూసి, "ఇప్పుడేమవుద్ది?" అని అరిచేది. నేను "పిల్లి వస్తాది!" అని అరిచేదాన్ని. కొన్నాళ్ళకు ఆ ఆట కూడా పోయింది. అరిచే ఓపిక దానికి లేదు.

టీచరమ్మకు మరుసటేడు బదిలీ అయింది. పుస్తకం పాకలో మిగిలింది. వానకు కుట్లు వదిలాయి, అతుకులు ఊడి లోపలి దేవుళ్ళు బయటపడ్డారు, జిగురు కోసం ఎలుకలు అంచులు కొరికాయి. దేవుళ్ళను అట్లా వదిలేస్తే పాపమని పల్లెలో వాళ్ళు ఒక్కో కాగితం తీసుకుపోయి ఇళ్ళల్లో తగిలించుకున్నారు. దేవుడు ఇటువైపు, కథ గోడవైపు. పిల్లి ఒకరింట్లో, కాకి ఒకరింట్లో. వరి కంకుల అమ్మవారిని మా అవ్వే తెచ్చి వడ్ల కుండ పైన మేకుకు తగిలించింది. ఆ కుండలోకి వడ్లు వచ్చింది అక్క నెత్తి మీదినుంచే. ఆ వడ్లు తినే నేను నెల్లూరులో హాస్టలుకు పోయాను, చదువుకున్నాను, టీచరునయ్యాను. నా చదువు అక్క మెడ మీద నడిచింది. ఇది ఎవరికి చెప్పినా "పెద్దపిల్లలు అంతే కదా మేడమ్" అంటారు. అంతే కదా అనుకోవడానికి నాకు ఇప్పటికీ మనసు రాదు.

ఆదివారం ఆ కొత్త పుస్తకం పట్టుకుని మా పల్లెకు పోయాను. ఎందుకు పోయానో సరిగ్గా చెప్పలేను. బడిలో తెరిచే ముందు అక్కకు చూపించాలనిపించింది. ఇప్పుడు ఇసకలోకి సిమెంటు రోడ్డు వచ్చింది. అలివి వల లాగేవాళ్ళు లేరు. ఇంజన్ల బోట్లు పోతాయి, వస్తాయి, ఎవరి చేపలు వాళ్ళవి. అక్క గవర్నమెంటు ఇంటి వరండాలో మనవణ్ణి పడుకోబెట్టి కూర్చుని ఉంది. దాని తల కూడా తిరగదు. నన్ను చూసి మనిషంతా తిరిగింది.

"ఏందిమే అది, తలుపు ఊడబెరుక్కొచ్చినావా?" అంది.

పుస్తకం చూడగానే చేతులు చీరకు తుడుచుకుంది. ఒళ్ళో పెట్టుకుని తెరిచింది. ఒక పాప జామ గింజ నాటింది. అక్క ఆగి నావైపు చూసి, "ఇప్పుడేమవుద్ది?" అంది. నేను చెప్పేదాకా ఆగలేదు. తనే తిప్పుకుంటూ పోయింది. మొక్క వచ్చింది, మేక వచ్చింది, గాలివాన వచ్చింది. ఆఖరి పేజీలో చెట్టు కింద పాప నవ్వుతోంది. అక్క ఆ నవ్వును కాసేపు చూసి, పేజీ మెల్లగా తిప్పింది. వెనకాల తెల్లగా ఉంది.

"ఏమీ లేదే" అంది.

"లేదక్కా. అంతే."

వేలితో ఆ తెల్ల కాగితాన్ని తడిమి చూసింది. "మళ్ళీ మొదట్నుంచి చదువుదాం. నువ్వూ చదువు" అన్నాను.

"నాకు చదువు రాదని ఆ దొరే చెప్పిపాయె గదా" అంది నవ్వుతూ.

నా జీవితమంతా పిల్లల్ని ప్రశ్నలు అడగడమే నా పని. అక్క ఎందుకు నవ్వింది అని మాత్రం నేను అడగలేదు. పుస్తకం మొదటి పేజీకి తిప్పి, దాని వేలు పట్టుకుని మొదటి మాట కింద పెట్టాను.